ఇనీషియల్ మీద నల్లగీత

ఉదయం పదీ ఇరవైకి వార్డులోకి టీ వచ్చింది. 2023వ సంవత్సరం, వానాకాలం. విజయనగరం జిల్లాలో ఒక పెద్దాసుపత్రి, చర్మవ్యాధుల వార్డు. టీ పోసే మనిషి మంచం మంచానికీ తిరుగుతూ మూలకు వచ్చినప్పుడు ఆ మంచం మీది ఆవిడ గ్లాసు కోసం చెయ్యి చాపింది. ఒళ్లంతా ఎర్రటి దద్దు, వాచిన మొహం, పచ్చబడ్డ కళ్లు. గ్లాసు బాగా కాలుతోందనీ, అంచు పట్టుకోమనీ అతను చెప్పాడు.

"కాలనీ బాబూ, ఆ సేతికి తెలవదు" అంది ఆవిడ.

నేను వార్డుకి వెళ్లింది ఆవిడ కోసమే. నాది ఫార్మసిస్టు ఉద్యోగం. చాలా ఏళ్లు మందులిచ్చే కిటికీ దగ్గర పనిచేశాను. నా భార్య పోయిన మరుసటి ఏడాది, అడిగి ఫార్మకోవిజిలెన్స్ విభాగానికి మారాను. కిటికీ దగ్గర ప్రతివాళ్లూ ఆమె జబ్బు పేరు అడిగేవారు. ప్రేమతోనే అడిగేవారు. అందరికీ చెప్పి అలిసిపోయాను.

ఫార్మకోవిజిలెన్స్ అంటే మందు వల్ల మనిషికి జరిగిన హానిని గమనించి, రాసి, పైకి పంపడం. ఆ హానిని అడ్వర్స్ డ్రగ్ రియాక్షన్ అంటారు. ఒక ఆసుపత్రిలో ఒకరికి జరిగితే అది ఆ మనిషి దురదృష్టంలాగే కనిపిస్తుంది. అటువంటివి దేశంలో నాలుగు వైపుల నుంచీ వచ్చి ఒకచోట చేరితే, ఆ మందు గురించి డాక్టర్లను హెచ్చరించడానికి వీలవుతుంది. ఇప్పుడు అవన్నీ ఆన్‌లైన్‌లోనే చేరుతున్నాయి. రిపోర్టు చెల్లాలంటే అందులో రోగి, రిపోర్టు చేసినవారు, అనుమానించిన మందు, జరిగిన హాని ఉండాలి. రోగి విషయంలో నిబంధన వాడే మాట "ఐడెంటిఫయబుల్ పేషెంట్". నిజంగా ఉన్న మనిషేనని తెలియాలి, ఆ మనిషి ఎవరో మాత్రం తెలియకూడదు. అందుకని పేరుకు బదులు ఇనీషియల్స్, వయసు, ఆడో మగో రాస్తాం. ఈ రెండింటికీ మధ్య ఎంత తక్కువ చోటుందో ఈ కేసు వచ్చేదాకా నేను ఆలోచించలేదు.

ఆవిడ పేరు ఇక్కడ మార్చాను. పైడమ్మ అంటాను. మా వైపు ఏ వీధిలో చూసినా ఒక పైడమ్మ ఉంటుంది. ఊరు బొబ్బిలి వైపు అంటే చాలు.

పైడమ్మకు ఆరు వారాల క్రితం కుష్ఠు మందులు మొదలుపెట్టారు. వాటిని ఎండీటీ అంటారు, మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స. అందులో డాప్సోన్ అనే బిళ్ల నూటికి తొంభై మందికి పైగా ఇబ్బంది లేకుండా సరిపడుతుంది. ఏ కొద్దిమందికో అయిదారు వారాల్లో జ్వరం, దద్దు, కామెర్లు తెస్తుంది. అది ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. వార్డు డాక్టర్లు ఆ బిళ్ల ఆపి స్టెరాయిడ్లు ఇస్తున్నారు. నేను వివరాలు తీసుకోవాలి.

పక్కన స్టూలు మీద ఆవిడ తోటికోడలు కూర్చుని ఉంది. ఏ మందులు వాడుతున్నారని అడిగాను.

"జొరం బిల్లలు" అంది తోటికోడలు.

"అవి కాకుండా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పైడమ్మే గొంతు తగ్గించి అడిగింది. "పేరు రాస్తావేటి బాబూ? రాస్తే నానేటీ సెప్పను."

"పేరు రాయనమ్మా. ఒక్క అక్షరం రాస్తాను, అంతే."

"ఏ అచ్చరం?"

"ప."

తోటికోడలు నవ్వింది. "అక్కా, నీ పేరెట్టి కేకేస్తే మన ఈదిలోనే నలుగురు పలుకుతారు. నీకు బయమేటి?"

"నీకేటి తెలుసు, నోరు మూసుకో" అని పైడమ్మ నా వైపు తిరిగింది. "నాను సారె సేసే మనిసిని బాబూ. ఈ జబ్బని బయటికొచ్చిందంటే నా పొయ్యి ఆరిపోతాది. ఇది మా ఇద్దరికే తెలుసు. దీని మొగుడిక్కూడా తెలవదు."

సారె అంటే ఏమిటో ఈ జిల్లాల వాళ్లకు చెప్పనక్కరలేదు. తక్కినవాళ్ల కోసం చెబుతున్నాను. ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు వెంట బుట్టలకొద్దీ పిండివంటలు పంపుతారు. లడ్డూలు, అరిసెలు, కజ్జికాయలు, చలిమిడి. అత్తవారు వాటిని తమ ఊళ్లో ఇంటింటికీ పంచుతారు. ఆ రోజు పంచిన సారెను బట్టి కోడలి పుట్టింటివారి గురించి ఊరు ఒక మాట అనుకుంటుంది. అది చాలాకాలం నిలిచిపోతుంది. అందుకని పెళ్లివారు సారెకు చెయ్యి తిరిగిన మనిషిని వెతుక్కుంటారు. పైడమ్మ అలాంటి మనిషి. ఆ చుట్టుపక్కల కావలసినవాళ్లు మాఘమాసం పెళ్లికి దసరాకు ముందే వచ్చి ఆవిడకు చెప్పుకునేవారు.

జబ్బు సంగతి ఎలా తెలిసిందని అడిగాను.

"పాకం నీల్లల్లో ఏసి ఏల్లతో సూస్తాం గదా. ఉండ కట్టింది తెలుస్తన్నాది, ఏడి తెలవడం మానీసింది. ముసిల్దాన్నయిపోనాను, సెయ్యి మొద్దుబారిందనుకున్నాను. ఓపాలి ఏలు కాలి బొబ్బెక్కిపోనాది. ఇదే సూసి కేకలేసింది. నాకు తెలవనేదు."

మందులన్నీ చెప్పింది. ఏ రోజు మొదలుపెట్టిందో, జ్వరం ఎప్పుడొచ్చిందో కూడా తడుముకోకుండా చెప్పింది. నేను రాసుకున్నాను. లేచేటప్పుడు ఇంకోసారి అడిగింది.

"అయితే పకారమే."

"పకారమే అమ్మా."

ఆ వారం అదే వార్డులో ఇంకో పైడమ్మ ఉంది. ఆమెది సోరియాసిస్. వారానికి ఒక్కసారే వేసుకోవలసిన బలమైన బిళ్ల ఆమెకు ఇస్తున్నారు. మంచాలు పక్కపక్కనే. ఇంటిపేర్లు ఎవరూ వాడరు, పేరుపెట్టి పిలిస్తే ఇద్దరూ పలుకుతారు. ఆ బిళ్ల ఈ పైడమ్మకు పడితే ప్రమాదం. అందుకని వార్డు సిస్టర్ ఇక్కడ ఎవరైనా చేసే పనే చేసింది. ఊళ్లో వాళ్లను ఎలా పిలుస్తారో అడిగి, కేస్‌షీట్ల మీద ఎర్ర ఇంకుతో పెద్దగా రాసింది. ఒకరు సారె పైడమ్మ, ఒకరు చీపుర్ల పైడమ్మ. మందులు ఇచ్చేవాళ్లూ, రక్తం తీసేవాళ్లూ అలాగే పిలిచారు. ఎవరి మందూ తప్పిపోలేదు. ఆ సిస్టర్ చేసింది మంచి పని. ఇప్పటికీ నేను అదే అంటాను.

ఆన్‌లైన్‌లో నాకంటే ముందే రిపోర్టు ఎక్కించింది ఒక హౌస్ సర్జన్. అంటే చదువు ముగించి వార్డుల్లో ఏడాది పనిచేసే కుర్ర డాక్టరు. రియాక్షన్లు చూసి ఊరుకోవద్దనీ, ఫోన్ నుంచే రిపోర్టు చేయవచ్చనీ మా విభాగం వాళ్లకు అంతకు ముందే తరగతి పెట్టింది. అతను ఉత్సాహంగా చేశాడు. కేస్‌షీటు ముందు పెట్టుకుని ఫోన్‌లో నింపాడు. ఇనీషియల్స్ గడిలో రెండు మూడు అక్షరాలకు మించి పట్టవు. జరిగింది వివరంగా రాసే గడి వేరే ఉంటుంది, దాన్ని నేరేటివ్ అంటారు. అందులో ఎంతైనా పడుతుంది. అతను కేస్‌షీటులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాడు. సారె పైడమ్మ, పెళ్లిళ్లకు పిండివంటలు చేస్తుంది, హాన్సెన్స్ వ్యాధికి చికిత్సలో ఉంది, డాప్సోన్ వాడిన అయిదో వారంలో జ్వరం.

హాన్సెన్స్ అనేది కుష్ఠుకే ఇంకో పేరు. రోగుల మొహం మీద ఆ మాట అనకుండా ఉండేందుకు డాక్టర్లు వాడతారు.

ఆ రిపోర్టు పైకి వెళ్లేముందు నా దగ్గరకు వచ్చింది. పేరు తీసేశాను, పని తీసేశాను, మందూ హానీ ఉంచాను. శుభ్రంగా వెళ్లింది. ఈ రోజుకీ ఆ వ్యవస్థలో ఆవిడ పేరు లేదు. ఆవిడకు నేనిచ్చిన మాట అక్కడ నిలబడింది.

కామెర్లు తగ్గాయి. దద్దు ఎండి పొట్టులా రాలింది. డాప్సోన్ బదులు వేరే మందు కలిపి చికిత్స కొనసాగించమన్నారు. ఇంటికి పంపారు. ఔట్‌కమ్ అనే గడిలో, అంటే చివరికి రోగికి ఏమైందో రాసే చోట, రికవర్డ్ అని పెట్టాను.

చూపించుకోవలసిన రోజున తోటికోడలు ఒక్కతే వచ్చింది. మందులు తనకిచ్చెయ్యమంది. ఆవిడ ఎందుకు రాలేదని అడిగితే ఫోన్ తీసి నా ముందు పెట్టింది.

"ఇది సూడు బాబూ. ఇది ఎవురికెట్టారు మీరు? మా ఈది గ్రూపులోకొచ్చీసింది."

అది ఆ హౌస్ సర్జన్ నింపిన రిపోర్టు స్క్రీన్‌షాట్. నేను దిద్దకముందుది. ఇనీషియల్స్ గడి మీద దట్టంగా నల్లగీత కొట్టి ఉంది. 'ప' అనే అక్షరం ఎవరికీ కనబడదు. దాని కింద నేరేటివ్ మొత్తం కనబడుతోంది.

"ఇంగ్లీషులో ఉంది కదా, మీరెలా చదివారు?"

"మా కూతురు గుంట సదివింది. పైన సారె పైడమ్మని ఉన్నాది గదా, అది సూసి ఆగింది. ఆన్సెనంటే ఏటని ఫోన్నే అడిగింది. ఫోను సెప్పీసింది."

హౌస్ సర్జన్‌ను పిలిపించాను. ఆ బొమ్మ చూపించాను.

"సార్, ఇనీషియల్స్ మీద బ్లాక్ పెట్టాను సార్. మీరు క్లాసులో చెప్పారు కదా, పేషెంట్ ఐడెంటిటీ కనబడకూడదని."

"సారె అంటే ఏమిటో తెలుసా బాబూ నీకు?"

"ఇంటిపేరు కదా సార్? కింద నేరేటివ్ చూసుకోలేదు సార్."

అతనిది ఈ ప్రాంతం కాదు. తోటి హౌస్ సర్జన్లకు రిపోర్టు ఎలా నింపాలో చూపించడానికి వాళ్ల గ్రూపులో పెట్టాడు. అక్కణ్ణుంచి ఎవరో మెడికల్ షాపులవాళ్ల గ్రూపుకి పంపారు, అదీ అవగాహన కోసమే. అతను వెంటనే తొలగించాడు. మిగతా గ్రూపులవాళ్లను నేను అడిగి తొలగింపజేశాను. కొన్నిచోట్ల 'ఈ సందేశం తొలగించబడింది' అనే వాక్యం మిగిలింది. అప్పటిదాకా చూడనివాళ్లు కూడా అది చూసి, ఏమిటది అని అడిగారట.

వ్యక్తిగత డేటా రక్షణకు కేంద్రం చట్టం చేసింది ఆ ఏడాదే. దాని ప్రతిని నేను శ్రద్ధగా చదివాను. మంచి చట్టమే. ఆ వారం నాకు అందులో పనికొచ్చే వాక్యం దొరకలేదు. విభాగం పెద్దలకు జరిగింది రాసి ఇచ్చి, పైడమ్మ వాళ్ల ఊరు వెళ్లాను.

ముందు మెడికల్ షాపుకి వెళ్లాను. ఆ వీధికి ఫొటో చేరింది ఆ ఇంటినుంచేనని తోటికోడలు చెప్పింది. షాపు యజమాని మర్యాదస్తుడు. కుర్చీ వేసి, కూల్ డ్రింక్ తెప్పించాడు. వెనకగది వాళ్ల ఇల్లే.

"మా షాపుల గ్రూపులో వచ్చిందండి. రియాక్షను కేసులు ఇలాగ రాయాలని మంచికే పెట్టారు. సదవబోతే మా సారె మనిసి!"

"వీధి గ్రూపులో మీరే పెట్టారా?"

"నాను పెట్టలేదండి, ఒట్టు. మా ఇంటిదానికి సూపించాను. మా పిల్ల పెల్లి సారె ఆయమ్మకే సెప్పీసి ఉన్నాం. సూపించకుండా ఎలాగుంటానండి?"

లోపలి నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "సూపించి నోరు మూసుకోమన్నారు. మా అక్క కూడా ఆయమ్మకే సెప్పింది మరి. సొంత అక్కకి సెప్పొద్దేటి? అది ఫొటో పంపమంది, పంపాను. అది ఎవురికి పంపిందో నాకేటి తెలుసు?"

"నువ్వాగవే" అన్నాడు ఆయన.

మందు మొదలుపెట్టిన కొద్దిరోజులకే ఆ జబ్బు ఇంకొకరికి అంటదనీ, తిండి ద్వారా అసలు రాదనీ చెప్పాను. ఆయన నేను ముగించేదాకా విన్నాడు.

"నాకు తెలుసు సార్. మీరు సదివిందే నానూ సదివాను. కావాలంటే ఆయమ్మ సేతి అరిసె ఇప్పుడు తెండి, మీ ముందు తింటాను. కానీ సారె మనం తినేది కాదు గదండి. వియ్యాలోరి ఊరంతా తింటాది. రేపు ఆల్లకి తెలిసిందంటే మా పిల్లనేటంటారు?"

"మీరు చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?"

"మీరు రాయకపోతే మాకెలా తెలిసింది సార్?"

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. వస్తూంటే గుమ్మందాకా వచ్చి, పెళ్లి సారె పట్నంలో స్వీటుషాపుకి చెప్పామనీ, అట్టపెట్టెల్లో వస్తుందనీ, ఆవిడ వంటలాగా ఎక్కడుంటుందిలెండి అనీ అన్నాడు.

దసరా అయ్యేసరికి పైడమ్మకు చెప్పిన సారెలన్నీ పోయాయి. ఎవరూ వచ్చి ఒక్క మాట అనలేదట. ఒకరు పెళ్లి వాయిదా పడిందన్నారు, ఒకరు సారె మానేస్తున్నామన్నారు. మెత్తగా చెప్పి తప్పుకున్నారు.

ఈ కేసు నాకు నేర్పింది ఒక్కటే. మా నిబంధనలన్నీ రోగిని ఎరగనివాళ్ల నుంచి దాచడానికి రాసినవి. ఎక్కడో ఆఫీసులో కూర్చుని రిపోర్టు చదివే మనిషికి సారె పైడమ్మ అన్నా ఒకటే, పైడమ్మ అన్నా ఒకటే, 'ప' అన్నా ఒకటే. అతనికి ఆవిడ ఎవరో తెలిసినా ఆవిడకు వచ్చే నష్టం లేదు. నష్టం చేయగలిగినవాళ్లు పది వీధుల లోపల ఉంటారు. వాళ్లకు పేరు అక్కరలేదు. చేసే పనీ, జబ్బూ కలిపి చెబితే చాలు, మనిషి దొరికిపోతుంది. ఇప్పుడు మేము నేరేటివ్‌లో వృత్తి రాయం, అది మందుతో సంబంధం ఉన్నదైతే తప్ప. తరగతుల్లో చూపించడానికి కల్పించిన కేసులు వాడతాం. హౌస్ సర్జన్లతో ఫొటో తియ్యవద్దని సంతకం పెట్టిస్తాం. కేస్‌షీటు మీద ఎర్ర ఇంకుతో ఊళ్లో పిలిచే పేరు రాయడం మాత్రం ఆపమనలేదు. ఇద్దరు పైడమ్మలు పక్కపక్కన పడుకున్నప్పుడు దానికంటే నమ్మకమైన దారి నాకింకా తోచలేదు.

రిపోర్టులో ఔట్‌కమ్ ఇప్పటికీ రికవర్డ్ అనే ఉంది. అది అబద్ధం కాదు. తర్వాత జరిగింది రాయడానికి వేరే గడి లేదు.

ఆ చలికాలం చివర పైడమ్మను చూడటానికి వెళ్లాను. అరుగు మీద ఎండలో కూర్చుని ఉంది. మందు వల్ల ఒళ్లు నల్లబడింది. అది కూడా చికిత్స అయ్యాక నెమ్మదిగా పోతుంది. లోపల గోడవారగా పెద్ద మూకుళ్లూ, గుండిగలూ బోర్లించి ఉన్నాయి.

"ఒచ్చావా బాబూ. కూకో."

"మందులు వేసుకుంటున్నారా?"

"ఏసుకుంటన్నాను. ముందరయితే బియ్యం డబ్బాలో దాసుకుని ఏసుకునేదాన్ని. ఇప్పుడు అరుగు మీద కూకునే ఏసుకుంటన్నాను. అదొక సుకం."

మీ పేరు రాయనని చెప్పాను అన్నాను.

"నువ్వు రాయనేదు బాబూ. మీ కంపూటర్లో నా పేరు నేదు. ఊర్లో ఉన్నాది. ఆ కుర్ర డాకటరునేటీ అనీకు. ఆడికి సారె అంటే ఏటో తెలవదంట గదా. ఏటి సదువులో."

ఇలాంటిది ఇంకొకరికి జరగకుండా ఈ సంగతి రాద్దామనుకుంటున్నాననీ, పేరూ ఊరూ మార్చినా చేసే పని మార్చితే విషయం అర్థం కాదనీ చెప్పి, రాయవచ్చా అని అడిగాను.

"రాసుకో. ఇంక దాసడానికేటి మిగిలింది? కజ్జికాయలు బాగుండేవని కూడా రాయి."

బాగుండేవి అని మెడికల్ షాపు ఆయన కూడా చెప్పాడు. అందుకని రాస్తున్నాను.

లేచేటప్పుడు మంచినీళ్లు అడిగాను. బిందె ఆవిడ పక్కనే, చేతికి అందేంత దూరంలో ఉంది. ఆవిడ దానివైపు చూడలేదు. లోపలికి కేకేసింది. తోటికోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి, గ్లాసు కడిగి, ముంచి ఇచ్చింది. నేను తాగేదాకా పైడమ్మ తల తిప్పుకునే ఉంది.

తోటికోడలు నాతోబాటు బస్సు ఆగే చోటు వరకూ వచ్చింది. చుట్టాలు వచ్చినా, మనవలు వచ్చినా ఆవిడ తన చేత్తో ఏమీ పెట్టదని చెప్పింది. వాళ్లు తినరేమోనని కాదు, అడిగితే ఏమంటారో వినాలని లేక. ఇంట్లో వంట ఇప్పుడు తోటికోడలే చేస్తుంది.

పైడమ్మ ఇంటికి వచ్చినవాళ్లను తిని వెళ్లమని అడగడం లేదు.